ఎండిపోయిందన్న అండాశయం

డాక్టరుగారు స్కానింగ్ తెర వైపు ఒక్క చూపు చూసి పెదవి విరిచారు.

"అండాశయంలో రక్తప్రవాహం లేదమ్మా. ఉంటే ఎరుపో నీలమో కనపడాలి. ఎండిపోయింది. ఇక పిల్లల మీద ఆశ వదులుకో."

ఎంత తేలిగ్గా అన్నారో! బుట్టలో పుచ్చిన కాయ ఏరి అవతల పారేసినట్టు. బయట గంటసేపు కూర్చోబెట్టి, రెండు నిమిషాల్లో తేల్చేశారు. గోడ మీద ఆయన సన్మానాల ఫొటోలు మాత్రం దుమ్ములేకుండా మెరుస్తున్నాయి.

"సార్, తెర అంచున ఆ వేగం స్కేలు అంకె వేగంగా పారే రక్తానికి పెట్టినట్టుంది. కాస్త తగ్గించండి," అన్నాను పడుకునే.

"ఇంటర్నెట్‌లో చదివొచ్చావా?"

"తగ్గిస్తే మీ సొమ్మేం పోతుంది సార్?"

నా నోరు మూయించడానికే బటన్ తిప్పారు. మెల్లగా పారే రక్తం తెరకెక్కింది. అండాశయం నిండా ఎర్రటి, నీలపు చుక్కలు మిణుకుమన్నాయి.

ఆయన గొంతు సవరించుకున్నారు. "భయం లేదమ్మా. నీకు పిల్లలు పుడతారు."

"పుట్టారు సార్, ఇద్దరు. నేనూ ఇలాంటి మెషీన్ మీదే పనిచేస్తాను."

లేచి, సంచిలోంచి పాత రిపోర్టు తీసి ఆయన ముందు పెట్టాను.

"పోయినేడు మా అక్కకి మీరిచ్చిందే. ఎండిపోయిందని రాశారు. అది చదివి తను వైద్యమే మానేసింది. అందులో స్కాన్ ఫొటో అంచున స్కేలు అంకె చూడండి, ఇందాక మీరు తిప్పకముందు తెర మీదున్నదే. ఏడాదిగా ఆ బటన్ మీద మీ చెయ్యి పడలేదు. ఇంకెంతమందికి రాశారు సార్?"