పునాది చక్కెర

“మీ ఇద్దరి రక్తంల లేని ‘బి’ పిల్లకు యాడికెళ్ళొచ్చింది? చెప్పు!”

సూర్యాపేట బ్లడ్ బ్యాంకు వరండాలో ఆండాళు మళ్ళీ నిలదీసింది. పక్క బెంచీ వాళ్ళు తలలు తిప్పి చూశారు. ప్రత్యూష కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది. బడిలో రక్తం చూసి పాపది ‘బి’ గ్రూపన్నప్పటి నుంచి ఆమెకు కుదురు లేదు. తనది ‘ఏ’, భర్త విష్ణువర్ధన్‌ది ‘ఓ’. మిర్యాలగూడలో అయితే రైస్‌మిల్లు వాళ్ళింటి గుట్టు బజారున పడుతుందని అత్తగారే పరీక్షలకు ఇంత దూరం తెచ్చింది.

“దేవుని సాక్షి అత్తమ్మా, నాకేం తెల్వదు.”

“దేవుణ్ణి నడుమ తేకు. రిపోర్టు రానీ. తప్పు నీదైతే గిటు నుంచి గిటే కోదాడ బస్సెక్కి మీ అమ్మగారింటికి పో. పిల్లను గూడ తీస్కపో.”

ప్రత్యూష భర్త వైపు చూసింది. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకోనిదే ముద్ద దిగని మనిషి. ఇప్పుడు దాని పేరెత్తితేనే ముఖం తిప్పుకుంటున్నాడు.

లోపలికి రమ్మని పిలుపొచ్చింది. డాక్టర్ సుమిత్ర రిపోర్టు చూసి నవ్వింది.

“విష్ణువర్ధన్ గారూ, మీది ఉత్త ‘ఓ’ కాదు. బాంబే గ్రూపంటరు, చానా అరుదు. రక్తకణం మీద మన ఒళ్ళే సన్నసన్న చక్కెరలు అతికిస్తది. ముందు పునాది లెక్క ఒక చక్కెర. దాని మీద ఒక రకం అతికితే ‘ఏ’, ఇంకో రకం అతికితే ‘బి’. ఏదీ అతకకుంటే ‘ఓ’.”

“మా వంశంల ఎవ్వరికీ షుగర్ లేదు మేడం!” అంది ఆండాళు.

“ఇది ఆ షుగర్ కాదమ్మా. మీ కొడుకు ఒంట్ల ‘బి’ ఉన్నది. కానీ పునాది చక్కెర లేక అతికే జాగ దొరకలేదు, అందుకే ‘ఓ’ లెక్క కనబడ్డది. పాపకు పునాది తల్లి ఇచ్చింది, ‘బి’ తండ్రి ఇచ్చిండు.”

విష్ణువర్ధన్ కళ్ళు తుడుచుకున్నాడు. “ప్రత్యూషా... నన్ను మాఫ్ చెయ్యి.”

ఆమెకు ఇన్నాళ్ళూ బిగబట్టిన ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

“ఒక సంగతి,” అంది డాక్టర్. “రేపు మీకు రక్తం ఎక్కియ్యాల్సి వస్తే ఈ గ్రూపుదే కావాలె. ఇంట్ల అందరికీ పరీక్ష చేద్దాం. అమ్మా, మీదేం గ్రూపు?”

“ఓ. కంటి ఆపరేషన్ కాడ చూసిన్రు.”

“అయితే మీ కొడుక్కు ఈ ‘బి’ వాళ్ళ నాయన దగ్గర్నుంచే వచ్చుంటది. ఆయన్ని గూడ పిలిపించండి.”

“ఇప్పుడే వస్తడు మేడం!” విష్ణువర్ధన్ హుషారుగా జేబులోంచి ఫోన్ తీశాడు.

బల్ల కింద ప్రత్యూష చేతిని ఓ చల్లటి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“బిడ్డా,” ఆండాళు గుసగుసలాడింది, “మీ మామకు పరీక్ష వద్దని జర నువ్వే నా కొడుక్కు చెప్పు... నీ కాళ్ళు మొక్కుత.”