గోడ దిక్కు

కామరాజు వంతెన మొదట్లో స్కూటర్ ఆపి, ఒకసారి పైకి చూశాడు.

హైవే మీద ఆ కొత్త వంతెన తెరిచి ఇరవై రోజులైంది. రెండు వేల మూడు వేసవి. ఇస్నాపూర్‌లో కామరాజుది ఇనుప సామాన్ల కొట్టు. రూలు ప్రకారం కొట్టుకు చేరాలంటే అవతలి యూటర్న్ దాకా పోయి తిరిగి రావాలి. మూడు కిలోమీటర్లు. ఎదురుదారిలో పోతే రెండు వందల గజాలు.

లెక్క తెలిసినవాడు ఎటు పోతాడో వేరే చెప్పాలా?

"ఏవండీ, ఇది బళ్లు దిగే దారండీ," అంది వెనక కూర్చున్న వీరలక్ష్మి.

"ఊరంతా ఇలాగే పోతోంది. ఒక్క నిమిషం కళ్లు మూసుకో."

"నేను మూసుకుంటాను. మీరు మాత్రం తెరిచే ఉంచండి."

ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు దిగిన ఆడవాళ్లు ఇరవై మంది దాకా రోడ్డంచున బస్సు కోసం నిలబడి ఉన్నారు. వాళ్లను తప్పించబోయి కామరాజు స్కూటర్‌ను రోడ్డు మధ్యకు తెచ్చాడు.

సరిగ్గా అప్పుడే వంతెన మీది నుంచి డ్రమ్ముల లోడుతో ఒక లారీ దిగింది.

హారన్ మోగింది. వీరలక్ష్మి కేక పెట్టింది.

లారీ మెలి తిరిగి, రోడ్డు మధ్యలో ఉన్న డివైడర్ గోడను గుద్దుకుని ఆగింది. ఆ కంగారుకు స్కూటర్ పక్కకు పడిపోయింది. కామరాజు మోచేయి గీరుకుంది. వీరలక్ష్మి చీర చిరిగింది. అంతకుమించి ఏమీ కాలేదు.

లారీ డ్రైవర్ ఎడమ తలుపులోంచి దిగాడు. యాభై ఏళ్ల మనిషి. రెండడుగులు వేసి తూలాడు. టైరు పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మకు... అమ్మకు ఏం గాలేదు గదా?" అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

జనం మూగారు.

"తాగిండురా వీడు!"

"ఆ నిలవడుడు సూడు. పట్టపగలే ఎక్కించిండు."

"లోడు బండ్లోళ్లంత గింతే."

ఆడవాళ్లలోంచి ఆగమ్మ అనే పెద్దామె ముందుకొచ్చింది. "ఓ సారూ, రాంగుల వచ్చింది నువ్వు గాదా?"

"నువ్వూకో అవ్వా. ఏడనైన పెద్ద బండిదే తప్పు," అన్నాడొకడు.

"పెద్ద బండి అయితే? దానికి రోడ్డు లేదా?"

ఇంతలో బస్సు వచ్చింది. అది పోతే ఇంకో గంట దాకా బస్సు లేదు. ఆగమ్మ వెనక్కి చూసుకుంటూ ఎక్కేసింది.

కానిస్టేబుల్ వచ్చాడు. "ఏమైంది సార్?"

కామరాజు మనసులో లెక్క వేసుకున్నాడు. ఎదురుదారిలో వచ్చానంటే కేసు తన మీద పడుతుంది. స్టేషన్ చుట్టూ తిరగాలి. కొట్టు మూతపడుతుంది. డ్రైవర్లకైతే ఇవన్నీ మామూలే.

"తాగి నడిపాడండీ," అన్నాడు.

"వాసనేమీ రాలేదండీ," అంది వీరలక్ష్మి మెల్లగా.

"నువ్వూరుకో."

డ్రైవర్ రెండు చేతులతో తల పట్టుకుని రోడ్డు మీదే కూర్చున్నాడు.

"లేవయ్యా. మత్తు దిగినంక మాట్లాడుదాం," అని కానిస్టేబుల్ అతన్ని జీపెక్కించాడు.

ఆ మాటే రాసిన కాగితం మీద కామరాజు సంతకం పెట్టాడు.

పదిహేను రోజుల తర్వాత స్కూటర్ విడిపించుకోవడానికి స్టేషన్‌కు వెళ్లాడు. ఆవరణలో ఆ లారీ ఉంది. ఒకామె అందులోంచి దుప్పటి, టిఫిన్ గిన్నె తీసుకుని దిగుతోంది.

"ఎవరమ్మా నువ్వు?"

"డ్రైవర్ జంగయ్య పెండ్లాన్ని సారు. ముత్యమ్మ నా పేరు. మీరు?"

"నా బండి కూడా ఇక్కడే ఉంది," అన్నాడు కామరాజు. "మీ ఆయన్ను వదిలేశారా?"

"ఏడున్నడు సారు? దినాలు గూడ అయిపాయె."

"అంటే... చనిపోయాడా?" అన్నాడు కామరాజు.

"నెత్తి లోపట దెబ్బ తాకిందంట. పైకి ఏం కనవడలే. తూలుతుంటే తాగిండనుకున్నరు. పొద్దుమూకేదాక బల్ల మీదనే పండవెట్టిన్రు. నేనొచ్చి లొల్లి చేస్తే దవాఖానకు తీస్కపోయిన్రు. జెర ముందుగాల తెస్తే బతుకుతుండె అన్నడు డాక్టరు."

"అసలు తాగేవాడు కాదా?"

"జిందగీల ముట్టలే సారు. దసరాకు సుట్టాలందరికి కల్లు తెచ్చి పోసి, తనొక్కడు చాయ్ తాగేటోడు. మేమంత నవ్వేటోళ్లం."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎవలో సారు తాగిండని సంతకం వెట్టిండంట. ఆయనెవలో మీకెరుకనా? కొట్లాడనీకి గాదు. గా ఒక్క మాట తీసెయ్యమని కాళ్లు మొక్కుత. తాగి సచ్చిండంటున్నరు సారు ఊర్ల."

నేనే అనడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క క్షణం. ఆ క్షణంలోనూ కామరాజుకు అలవాటైన లెక్కే ముందుకొచ్చింది.

"నాకు... తెలీదమ్మా."

తర్వాత భయం భయంగా అడిగాడు. "పోయేముందు మీ ఆయన ఏమైనా చెప్పాడా? ఎదురొచ్చిన బండి గురించి?"

"ఎవ్వల్నీ ఏమనలే సారు. ఎడమ దిక్కు ఆడోళ్లున్నరు, ముంగట స్కూటర్ మీద ఆలుమొగలున్నరు, గోడ దిక్కు ఎవ్వలు లేరు, గందుకే అటు తిప్పిన అన్నడు."

ముత్యమ్మ లారీ కేసి చూసింది. కుడి వైపు తలుపు సీటు దాకా లోపలికి నొక్కుకుపోయి ఉంది.

"డ్రైవర్ సీటు గోడ దిక్కే ఉంటది గద సారు, ఇరవై ఏండ్లు నడిపినోనికి గా సంగతి యాదికి రాలేదా?"