వెనక మోకు

సందర్శకులు వెళ్లిపోయాక, బీదర్ కోటలో పాత ఫిరంగిని మోకులు కట్టి వాలు మీదుగా కిందికి దింపుతున్నారు. సగం దారిలో చక్రాలకు రాళ్లు పెట్టి, మోకులు వదిలేసి అందరూ చాయ్‌కి పోయారు. బసవరాజ్ ఒక్కడే కాపలా ఉన్నాడు.

వెనక మోకు మాత్రం నేల మీద పడలేదు. చీకట్లోకి బిగుసుకుని, సన్నగా కిర్రుమంటోంది. ఫిరంగి జారకుండా ఆ మోకు పట్టడం ఎప్పుడూ సిద్దయ్య మామ పనే. మామ పోయి నెల దాటింది.

బసవరాజ్ కళ్లు తుడుచుకున్నాడు. "అలిసిపోయినవ్ మామా. ఇగ ఇడిశిపెట్టు."

మోకు రెండుసార్లు అదిరింది. చక్రం చూడమని మామ చేసే సైగ అది. బసవరాజ్ టార్చి వేశాడు. రాళ్లు రెండూ ఎప్పుడో పక్కకు జారిపోయి ఉన్నాయి.

"మామా... ఇడువకు. జరంతసేపు పట్టు."