లీలామ్మ ఒడి

కాశ్మీరు చూద్దామని కొచ్చిలో విమానమెక్కిన దగ్గర్నుంచీ లీలామ్మ తన కవలలిద్దర్నీ ఒళ్లోనే కుక్కుకుని కూర్చుంది. కిటికీ అవతల మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది.

"చేచీ, ఒకణ్ణి వెనక వరుసలో వాళ్ల నాన్నకివ్వండి," అంది ఎయిర్‌హోస్టెస్, మలయాళంలో అక్కా అని పిలుస్తూ.

"విడదీస్తే వీళ్ల ఏడుపుకి నీ విమానం రెక్కలూడతాయి మోళే!" అంది లీలామ్మ, కూతుర్ని పిలిచినట్టు.

"గాలి అందకపోతే పైనుంచి మాస్కులు దిగుతాయి. ఈ వరుసలో పిల్లలకు మిగిలేది ఒక్కటే. ఇద్దరుంటే ఎలా చేచీ?"

లీలామ్మ నవ్వబోయింది. అంతలో నూతిలోకి చేద జారినట్టు విమానం కిందికి జారింది.

కుదుటపడేసరికి, తాత పేరు పెట్టుకున్న పెద్దవాడు ఈపన్ ఆమె రెండు చేతుల మధ్య భద్రంగా ఉన్నాడు. చిన్నవాడు కోశి ఆమె కాళ్ల దగ్గర పడి, ఏడవకుండా ఆమెనే చూస్తున్నాడు.

"ఎవణ్ణిస్తావే?" వెనకనుంచి మొగుడు లేచొచ్చాడు.

"ఈపన్‌ని," అంది లీలామ్మ, వంగి కోశిని పైకెత్తుకుంటూ. "కోశి నా దగ్గరే ఉంటాడు."

కోశి మాత్రం తండ్రివైపే చేతులు చాచాడు.