పదకొండో గీత

"లోపలికి రాకపోతే నా మీద ఒట్టే!" అంది సరోజ, మూణ్నెల్ల పిల్లని భుజాన వేసుకుని.

"ఒట్లూ గిట్లూ నా దగ్గర పెట్టకు. ఆ గడప తొక్కేది లేదు" అని కసిరాడు దైవాధీనం.

పొద్దుట్నించీ మనిషి మండిపోతున్నాడు. మండడూ మరి! కోడూరు దగ్గర ఆ పల్లెలో చర్చికి గోడలు లేపింది తాపీ మేస్త్రి దైవాధీనమే. ఇప్పుడు కూలబడ్డ ఈ అరుగూ ఆయన చేతి కట్టడమే. ముప్పై ఏళ్లుగా ఆదివారం కీర్తన ఎత్తేదీ ఆయనే. పుస్తకం చదవగలిగినవాళ్లు ఊళ్లో పదిమంది లేరు. ఆయన ఒక చరణం పాడితే జనం అందుకునేవాళ్లు. పాడాక ఆ చరణం మీద రెండు మంచి ముక్కలు చెప్పేవాడు.

అలాంటి మనిషి పది ఆదివారాలుగా బయట, విడిచిన చెప్పుల పక్కన కూర్చుంటున్నాడు. వారానికో గీత చొప్పున చెవి మీది పెన్సిలు తీసి గోడ మీద గీస్తున్నాడు.

చేసింది తప్పే. బడిపంతులు కొండలరావు హార్మోనీ పెట్టె తెచ్చి, కీర్తనని సినిమా పాట వరసలో సాగదీశాడు. దైవాధీనం ఆగలేకపోయాడు. చేతిలో ఉన్న కీర్తనల పుస్తకంతోనే వీపు మీద ఒక్కటిచ్చాడు. చర్చిలో చెయ్యెత్తినవాడు పన్నెండు ఆదివారాలు బయటే ఉండాలన్నది సంఘం కట్టుబాటు. ఆ సాయంత్రమే సంఘ పెద్ద శిక్ష కాగితం రాసి తలుపుకి అంటించాడు.

ఇవాళ పదకొండోది. ఇవాళే మనవరాలికి బాప్తిస్మం. బందరు నుంచి పాస్టరు అయ్యగారు మూడు నెలలకోసారి గానీ రారు. సరోజ పురిటి మంచం మీద ఉండగానే దైవాధీనం మాటిచ్చాడు, నూట మూడో కీర్తన తనే ఎత్తుతానని.

"ఆ పెద్దకి పిల్లల్లేరా, మనవల్లేరా నాన్నా? ఒక్క పూట సడలిస్తే ఆయన సొమ్మేం పోయింది?"

"ఉన్నారు. ఉన్నా సడలించడు."

దేవమ్మ మొగుడి వంక చూడలేదు. గోడతో చెప్పినట్టు కూతురితో అంది. "ఆ పెద్దమనిషి సంగతి నాకు తెలీదుటే? ముప్పై ఏళ్లుగా చూస్తన్నా. ఆ గుండె తీసి పునాదిలో వేసుకోవచ్చు. పదవే లోపలికి!"

"నోర్ముయ్!" అన్నాడు దైవాధీనం.

తల్లీ కూతుళ్లు విసవిసా లోపలికి పోయారు. అంతలో తోమాసు బయటికొచ్చాడు. అతన్ని చూసి దైవాధీనం తల తిప్పుకున్నాడు.

రెండేళ్ల కింద తోమాసుకీ ఇదే శిక్ష పడింది, చర్చిలో బావ చెంప పగలగొట్టినందుకు. ఐదో వారంలో అతని తల్లి పోయింది. శవపెట్టె లోపల, కొడుకు ఈ అరుగు మీద. ఒక్క గంట రానివ్వమని ఊరు ఊరంతా బతిమాలింది. సంఘ పెద్ద ససేమిరా అన్నాడు. తోమాసు కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చాడు.

"రా మావయ్యా. అందరూ నీకోసమే చూస్తన్నారు."

"నిన్ను రానిచ్చాడా ఆ పెద్ద?"

తోమాసు మొహం నల్లబడింది. "లేదు. ఆ రోజు ఆయన్ని నరికెయ్యాలన్నంత కోపమొచ్చింది. అబద్ధమెందుకు, ఇప్పటికీ పోలేదు."

"పోకూడదు కూడా. అమ్మ శవం దగ్గరికి కొడుకుని రానివ్వని పెద్ద ఏం పెద్దరా? నీకు లేని సడలింపు నాకెందుకు? ఫో!"

తోమాసు పోలేదు. అక్కడే నిలబడ్డాడు.

లోపల హార్మోనీ మోగింది. కొండలరావు పాపం భయభక్తులతోనే మొదలుపెట్టాడు గానీ, శ్రుతి ఆకాశంలో పెట్టాడు. మగవాళ్లు రెండో చరణానికే ఊరుకున్నారు. ఆడవాళ్ల గొంతులు పైకి వెళ్లలేక చీలిపోయాయి. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

"ఛీ! నా మనవరాలి బాప్తిస్మానికి ఈ గోలా!"

దైవాధీనం దిగ్గున లేచాడు. కిటికీ ఊచలు పట్టుకుని, లోపలికి మొహం పెట్టి, మొదటి చరణం మళ్లీ ఎత్తాడు. కోపంగానే ఎత్తాడు. హార్మోనీ ఆగిపోయింది. ఒక్క క్షణం తర్వాత చర్చి మొత్తం ఆ గొంతుని అందుకుంది.

ఒక్కో చరణం దాటుతూ వచ్చాడు. దేవుడు ఎల్లకాలం కోపం పెట్టుకోడన్న చోటికి వచ్చేసరికి ఊచలు వదిలి పాట ఆపేశాడు. పక్కనుంచి తోమాసు ఆ చరణం అందుకుని చివరిదాకా లాక్కొచ్చాడు.

ఆరాధన అయ్యాక అయ్యగారే గడప దాకా వచ్చారు. తడి జుట్టుతో పిల్ల సరోజ చేతుల్లో నిద్రపోతోంది.

"ఇంక చాలు దైవాధీనం. ఆ కాగితం చించేద్దాం. వచ్చే వారం నువ్వే కీర్తన ఎత్తు."

"కుదరదండీ. శిక్షలో ఉన్నవాడు ఆరాధనలో గొంతెత్తకూడదు. అదీ కట్టుబాటే. నేను ఎత్తాను. ఇంకో వారం పడుద్ది."

"ఎవరు వేస్తారయ్యా ఇంకో వారం?" అన్నారు అయ్యగారు విసుగ్గా.

దైవాధీనం చెవి మీది పెన్సిలు తీసి ముందుగా గోడ మీద పదకొండో గీత గీశాడు. తర్వాత తలుపు దగ్గరికెళ్లి, కాగితంలో పన్నెండు కొట్టేసి పదమూడు వేసి, పాత సంతకం కిందే మళ్లీ అదే సంతకం పెట్టాడు: బి. దైవాధీనం, సంఘ పెద్ద.