నిద్రలేచే కన్సోల్

మియావ్ అక్క వేడినీళ్ల కోసం లోపలికి వెళ్లగానే, కువాంగ్ బల్లమీది గేమ్ కన్సోల్‌ను తన సంచిలో వేసుకుని బయటపడ్డాడు.

నిజానికి కువాంగ్ చిల్లర దొంగ కాదు. షెన్‌జెన్‌లో చేతిలో పట్టుకుని ఆడుకునే కన్సోళ్లు చేసే కంపెనీకి యజమాని. హాలు నిండా ఇంజనీర్లున్నారు. మియావ్ అక్కదీ అదే వ్యాపారం, కాకపోతే హ్వాచ్యాంగ్‌బే ఎలక్ట్రానిక్స్ బజారు మేడమీద రెండు బల్లల కొట్టు. అలాంటి కొట్టులో అతను చెయ్యి పెట్టాడంటే ఒకటే కారణం. అతని కన్సోల్‌కు కుంభకర్ణుడి జబ్బుంది. ఆట మధ్యలో మీట నొక్కి నిద్రపుచ్చితే మళ్లీ లేవదు.

విదేశాల్లో ఆటలమ్మే పెద్ద కంపెనీ ఒకటి ఆ ఏడు ఒక ప్రకటన చేసింది. లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద చక్కగా నడిచే కన్సోల్ ఎవరు చేసినా సరే, దానికి తమ ముద్ర ఇస్తామంది. అయితే ఒక షరతు. లినక్స్ ఎవరి అబ్బ సొత్తూ కాదు కాబట్టి, చేసిన మరమ్మతు దాచుకోకుండా అందరికీ పంచాలి. ఆ ముద్ర పడకపోతే కువాంగ్ కంపెనీకి తాళమే.

అంతకు కాసేపటి ముందే మియావ్ అక్క అతని కళ్లెదుట తన కన్సోల్ మీట నొక్కింది. తెర ఆరిపోయింది. ఇద్దరూ టీ తాగారు. మళ్లీ నొక్కింది. ఆగిన చోటునుంచే ఆటలోని గుర్రం పరిగెత్తింది.

"ఎలా చేశావక్కా?"

"చెప్పడానికి నేనేమైనా పిచ్చిదాన్నా తమ్ముడూ? ఉండు, వేడినీళ్లు తెస్తా" అంటూ లేచింది.

కువాంగ్ ఆ కన్సోల్‌ను తన పెద్ద ఇంజనీరు నియె ముందు పెట్టాడు. "దీని లోపలి కిటుకు నాకు కావాలి."

మర్నాడు నియె తల గోక్కుంటూ వచ్చాడు. "బాస్, ఇదీ లేవట్లేదు. మనం కొన్న చిప్పే వాళ్లూ కొన్నారు. మన జబ్బే దీనికీ ఉంది."

"నా కళ్లతో చూశానయ్యా! విప్పేటప్పుడు మీరే ఏదో చెడగొట్టుంటారు."

"లోపల కిటుకేం కనబడట్లేదు బాస్."

"కనబడకుండా దాచిందన్నమాట! అసాధ్యురాలు. ఆవిడ ఒక్కతీ చేసింది, మీరింతమంది చెయ్యలేరట్రా?"

ఆ మాట ఇంజనీర్లకు ముల్లులా గుచ్చుకుంది. మడత మంచాలు తెచ్చుకుని ఆఫీసులోనే కాపురం పెట్టారు.

కువాంగ్‌కు మాత్రం నిద్ర లేదు. తలుపు చప్పుడైతే పోలీసులేమోనని గుండె జారేది. ఒకరోజు బజారు లిఫ్టులో మియావ్ అక్క ఎదురుపడింది.

"నా కన్సోల్ ఎక్కడో పెట్టి మరిచిపోయా తమ్ముడూ. వయసు మీద పడుతోంది" అంది. పల్లెత్తు మాట కూడా అనలేదు.

అతనికి ఆ రోజు అన్నం సయించలేదు. సాయంత్రానికి ఆమెకు ఒక బుట్టెడు లిచీ పళ్లు పంపించాడు. పళ్లు తియ్యగా ఉన్నాయని, కష్టపడుతున్న కుర్రాళ్లకు కూడా పెట్టమని కబురొచ్చింది.

చివరికి ఒక మధ్యాహ్నం నియె పెట్టిన కేకకు ఆఫీసంతా ఉలిక్కిపడింది. జబ్బు చిప్పులో ఉంది. దానికి మందు నియె బృందం సొంతంగా రాసింది. షరతు ప్రకారం కువాంగ్ ఆ మరమ్మతును లోకమంతటికీ పంచిపెట్టాడు. ముద్ర పడింది.

ఆ తర్వాత వచ్చిన కన్సోళ్ల ప్రదర్శనలో కువాంగ్ స్టాలు దగ్గర జనం తోసుకుంటున్నారు. ఎదురుగా మియావ్ అక్క స్టాలు. అక్కడా అదే ముద్ర, అంతే జనం. అది చూశాక కువాంగ్ మనసు ఊరుకోలేదు. దొంగిలించిన కన్సోల్ తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాడు.

"అక్కా, తప్పయిపోయింది. ఇది తీసింది నేనే. అయితే ఒట్టు, నీ కిటుకు మావాళ్లకు దొరకలేదు. మా దారి మేమే వెతుక్కున్నాం."

"కిటుకేమిటి తమ్ముడూ? మీరు పంచిన మందే నేనూ వేసుకున్నా. అప్పటిదాకా మాదీ లేస్తే ఒట్టు."

"మరి ఆ రోజు నా ముందే లేచింది కదా?"

"నిద్రపోతేగా లేవడానికి! ఆట ఆపి తెర మాత్రం ఆర్పాను."

"అంటే... కావాలనే అక్కడ వదిలేసి లోపలికి వెళ్లావా?"

"ఒక్క నీ ముందేనా? హాలు నిండా ఇంజనీర్లున్న ప్రతి యజమానినీ పిలిచి టీ పోశాను" అంది మియావ్ అక్క, మోకాళ్లు రుద్దుకుంటూ. "వేడినీళ్లకని లోపలికి తిరిగీ తిరిగీ కాళ్లు పడిపోయాయి గానీ, నువ్వొచ్చేదాకా ఒక్కడూ దొంగిలించి చావలేదు!"