చూపుడు ట్యాంకు

"ఎమ్మెల్యేగారు లోపల ఏముందో చూస్తారంటమ్మా. ట్యాంకు మూత తీయించు" అన్నారు మల్లేశ్వరరావుగారు.

కడియం దగ్గర సబ్బుపొడిలో కలిపే ఎంజైములు తయారుచేసే ఫ్యాక్టరీ ఆయనది. నాగదుర్గ అక్కడ ఇంజనీరు. ట్యాంకులో సూక్ష్మజీవులు పెరుగుతున్నాయి. బయటి గాలి సోకితే సరుకంతా పాడైపోతుంది.

"తీయకూడదండి. మొత్తం పారబోయాల్సొస్తది."

"తీయకపోతే ఫ్యాక్టరీయే మూతపడుద్దమ్మా!"

నాగదుర్గ క్యాంటీన్ నుంచి మజ్జిగ తెప్పించి, పక్కనున్న చిన్న ఖాళీ ట్యాంకులో పోయించి, నురగ వచ్చేదాకా కలిపే మర ఆడించింది.

ఎమ్మెల్యేగారు వంగి ఆ నురగ చూశారు. గట్టిగా వాసన పీల్చారు.

"సైన్సంటే ఇదండీ!" అన్నారు. ఫొటోలు దిగి, కారెక్కి వెళ్ళిపోయారు. అసలు ట్యాంకు వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. సరుకు దక్కినందుకు నాగదుర్గకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

మర్నాడు మల్లేశ్వరరావుగారు పిలిచి ప్రమోషన్ కాగితం చేతికిచ్చారు.

"ఎంజైముల సంగతి ఇంకెవరైనా చూసుకుంటార్లే. ఇకమీదట నువ్వు ఆ మజ్జిగ ట్యాంకు చూసుకో."

నాగదుర్గ తెల్లబోయింది.

"వచ్చే వారం మంత్రిగారు వస్తున్నారు. ఆయన రుచి కూడా చూస్తారంట. కాస్త అల్లం, కరివేపాకు వేయించమ్మా."